మీటరులోంచి చూసినవాడు

ఆమెను ఆ వీధిలో అందరూ పళ్లక్క అంటారు. కొత్తగా వచ్చినవాళ్లు అరటిపళ్లున్నాయా అని తలుపు కొడితే, "నా పళ్లు తినేవి కావండీ, తినిపించేవి" అని నవ్వేది. ఆమె చేసేది కట్టుడు పళ్లు. దంతవైద్యులు పంపిన అచ్చుల మీద మైనంలో పళ్లు అమర్చి, కరెంటు పొయ్యి మీద నీళ్లలో ఉడికించి, చిన్న మోటారు మీద నునుపు చేసి పంపుతుంది. ముందు గదే ఆమె కార్ఖానా.

భర్త చెయ్యి చేసుకునేవాడు. చివరిసారి మెట్ల మీంచి తోసినప్పుడు అడ్డుపడింది అతని తల్లే, పోలీసులను పిలిచిందీ ఆవిడే. ఇంటి ఛాయలకు కూడా రాకూడదని కోర్టు అతన్ని ఆదేశించింది. ఇల్లు అత్తగారిది. "నా ఇంట్లో నా కోడలుంటుంది, వాడు కాదు" అని ఆవిడ తెగేసి చెప్పింది. తాళాలు మార్చుకుని ఇద్దరూ కాస్త ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు మొదలయ్యాయి మెసేజీలు. ఏదో తెలియని నంబరు. "ఇవాళ తెల్లారకుండానే పొయ్యి పెట్టావే. పని జోరుగా ఉందా?" తర్వాత ఇంకో నంబరు నుంచి: "నిన్నంతా ఇంట్లో లేవు. ఎక్కడ తిరిగావు?"

నిజంగానే ముందురోజంతా ఇద్దరూ బయటే ఉన్నారు. పళ్లక్క కిటికీలకు దుప్పట్లు కట్టింది. కెమెరా ఉందేమోనని ఫ్యాను పైన, అద్దం వెనక, చివరికి పిండి డబ్బాల్లో కూడా వెతికింది. ఏమీ దొరకలేదు. పోలీసులేమో, "అతనే పంపుతున్నాడని రుజువు కావాలి కదమ్మా" అన్నారు. వంటింట్లో చెంచా కిందపడ్డా ఉలిక్కిపడేది. ఇంట్లో ఉన్నది ఇద్దరే. మరి చెప్పేదెవరు? ఆ అనుమానం పురుగులా తొలిచేసింది.

ఓ మధ్యాహ్నం అత్తగారు ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే పళ్లక్క ఇక ఆగలేకపోయింది.

"అత్తయ్యా, మీ అబ్బాయికి అన్నీ మీరే చేరేస్తున్నారు కదూ?"

ఆవిడ ఫోను పక్కన పెట్టేసింది. "మా చెల్లెలితో మాట్లాడుతున్నానే. నన్నా నువ్వు అనేది?"

"మరింకెవరికి తెలుస్తుంది?"

ఆవిడ సంచిలో బట్టలు సర్దుకుని చెల్లెలింటికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున మెసేజీ వచ్చింది. "ముసలిదాన్ని పంపేశావా? గీజరు ఒక్కసారే వేశావు."

పళ్లక్క దాన్ని రెండుసార్లు చదివింది. అత్తయ్య కాదు. ముందు సిగ్గుతో ముఖం మండిపోయింది. గీజరు ఎన్నిసార్లు వేసిందీ ఏ కెమెరాకు తెలుస్తుంది? తలుపు కొంచెంగా తీసి, బయట గోడకున్న మీటరు వైపు చూసింది. పాత మీటరు తీసేసి ఈ కొత్తది బిగించిన రోజు, భర్త దగ్గరుండి తన ఫోను నంబరు రాయించాడు. ఇంట్లో కరెంటు ఎప్పుడెంత కాలుతోందో గీతలుగా గీసి చూపించే యాప్ అతని ఫోన్లోనే ఉంది. ఏ వస్తువు ఎంత లాగుతుందో ఆ ఇంట్లో బతికినవాడికి ఒకరు చెప్పాలా?

మెయిన్ స్విచ్చి ఆపేసింది. కాసేపటికి ఫోను మోగింది. "ఎందుకాపావు? నా నుంచి దాక్కుంటావా?"

చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా కరెంటాఫీసుకు పరిగెత్తింది. కౌంటర్లో గుమాస్తా ఆయాసపడుతున్న ఆమెను చూసి, "నంబరు మార్చడానికేనా ఇంత కంగారు? చిటికెలో పని" అంటూ మీట నొక్కాడు. "ఓటీపీ వచ్చుంటుంది, చెప్పండి."

"నాకేం రాలేదండీ."

"ఓ, పాత నంబరుకే వెళ్తుంది లెండి."

"అయ్యో, అది వాడి నంబరు! ఆపండి!"

ఓటీపీ అప్పటికే వెళ్లిపోయింది. ఆమె చేతిలో ఫోను గుర్రుమంది. "కరెంటాఫీసులో ఉన్నావా? అక్కడే ఉండు. వస్తున్నా."

ఆమె ఫోనును గుమాస్తా ముందు పెట్టింది. గుమాస్తా ముఖం పాలిపోయింది. అతని కేకకు లోపలి నుంచి ఇంజినీరమ్మ వచ్చి మెసేజీలు చదివింది. పళ్లక్కను వెనక గదిలో కూర్చోబెట్టి గడియ పెట్టింది, పోలీసులకు ఫోను చేసింది, తర్వాత ఆ గదిలోని కంప్యూటరు ముందు కూర్చుంది.

"ముందు వాడి కళ్లకు గంతలు కడదాం" అంటూ ఆ యాప్ ఖాతా మూసేసింది. "ఇక మీ ఇల్లు వాడికి కనపడదు. కొత్త నంబరు పెట్టాలంటే మాత్రం కనెక్షన్ ఎవరి పేరునుందో వాళ్లు రావాలి."

"మా అత్తగారి పేరునుంది" అంది పళ్లక్క. ఏ ముఖం పెట్టుకుని పిలవాలి? చివరికి ఫోను చేసింది.

"అత్తయ్యా, చెప్పింది మీరు కాదు..." అని మొదలుపెట్టింది.

"ఎక్కడున్నావు?" అంతే అడిగింది ఆవిడ.

అత్తగారి కంటే ముందు అతనొచ్చాడు. అలికిడికి ఇంజినీరమ్మ బయటికెళ్లి తలుపు మూసింది. మూసిన తలుపు అవతల అతని గొంతు ఎంత మెత్తగా ఉందో! "నా భార్య లోపలుంది సార్, కాస్త మతి సరిగా ఉండదు. తీసుకెళ్తాను." నమ్మి తలుపు తీస్తారేమోనని పళ్లక్క బల్లను ఈడ్చి అడ్డం పెట్టి, దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. కానీ గుమ్మంలో ఉన్న ఆఫీసు కాపలామనిషి కదల్లేదు. పోలీసులు వచ్చారు, వాళ్ల వెనకే అత్తగారు వచ్చింది.

"వీడు నా కొడుకే" అంది ఆవిడ, "నా కోడలి దగ్గరికి మాత్రం రానివ్వకండి."

అతని ఫోన్లో యాప్ తెరిచే ఉంది. రోజుకెన్నిసార్లు ఆ ఇంటి గీతలు చూశాడో ఆఫీసు కంప్యూటర్లో నమోదై ఉంది. రుజువు దొరికింది. అతను జైలుకెళ్లాడు. నంబరు మార్చమంటే ఓటీపీ పాత నంబరుకు వెళ్లే పద్ధతి మార్చడానికి మాత్రం ఇంజినీరమ్మ పైవాళ్లతో చాలాకాలం పోట్లాడాల్సి వచ్చింది.

అత్తగారు ఇంటికి తిరిగొచ్చింది. క్షమించమంటే, "భయపడ్డ మనిషి మాట పట్టుకుంటారుటే?" అంది. కానీ ఎవరు ఫోను చేసినా కోడలి ఎదుట కూర్చుని, స్పీకరు పెట్టి మరీ మాట్లాడేది. అది చూసినప్పుడల్లా పళ్లక్కకు ప్రాణం చివుక్కుమనేది.

కొన్నాళ్లకు ఇంజినీరమ్మ ఫోను చేసింది. ఇంకో ఇల్లాలికి ఇదే బాధట, మీటరు వల్లేనని ఎవరు చెప్పినా ఆమె నమ్మట్లేదట. "ఒక్కసారి వచ్చి మాట్లాడతారా?"

మళ్లీ ఆ కౌంటరు, ఆ గది. రాలేనని చెప్పబోయింది.

"నేనూ వస్తాను, పద" అంది అత్తగారు, చెప్పులు వేసుకుంటూ.