పదకొండు గంటల వెన్న

నేను పనిచేసిన మ్యూజియంలో అద్దాల బీరువాలు లేవు. మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా, ఒక ట్రస్టు వాళ్ళు ఐదు పాత ఇళ్ళను ఎక్కడెక్కడి నుంచో విప్పించి తెచ్చి మళ్ళీ కట్టించారు. మట్టి గోడలు, బండల కప్పు, ముందు అరుగు. ఆ ఇళ్ళలో మనుషులు వందేళ్ళ కిందట బతికినట్టు బతుకుతూ కనిపించాలి. ఒకామె తిరగలి తిప్పుతుంది, ఒకాయన పలకలు చెక్కుతాడు, ఇంకొకాయన గొంగడి నేస్తాడు. టికెట్టు కొన్నవాళ్ళు ఇంటింటికీ తిరిగి చూస్తారు. దానికి పెద్ద పేరే పెట్టారు గానీ చుట్టుపక్కల అందరూ ‘పాత ఊరు’ అనేవాళ్ళు.

డిగ్రీలో చరిత్ర చదివానని నన్ను తీసుకున్నారు. చేసింది మాత్రం దాచే పని. బోరు మోటారు మీద జొన్నచొప్ప కప్పాలి. ప్లాస్టిక్ బకెట్లు పది గంటల లోపల కనపడకుండా పోవాలి. పనివాళ్ళ సెల్‌ఫోన్లు, వాచీలు, రబ్బరు చెప్పులు ఒక గంపలో వేయించుకుని వాళ్ళకు ముతక చీరలు, పంచెలు ఇవ్వాలి. చివరి ఇంటి వెనక రేకుల గది నాది. అందులో బట్టలు, కూల్‌డ్రింకుల ఫ్రిజ్, మందుల డబ్బా, పైన ఇనప గొట్టానికి కట్టిన చీర ఉయ్యాలలో మా పాప. పాపకు అప్పుడు తొమ్మిది నెలలు. బిడ్డను వెంట తెచ్చుకోనిచ్చే ఉద్యోగం మరొకటి దొరకదని నాకు తెలుసు. మా మేనేజరు సార్‌కూ తెలుసు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది అది. కొత్త రాష్ట్రంలో టూరిజానికి నిధులొస్తాయని, ఎవరో పెద్దవాళ్ళు చూడ్డానికొస్తారని సార్ రోజూ అనేవాడు. ఆ ఎండల మొదట్లోనే చల్ల చిలికే పనికి ఒక అవ్వ చేరింది.

కొమరోలు వైపు నుంచి బస్సులో వచ్చేది. గొర్రెలూ బర్రెలూ పెట్టుకుని బతికిన ఇల్లు. బోర్లెండిపోయి మేత లేక బర్రెలన్నీ అమ్మేశారట. ఒక కంట్లో పొర. కూలి కోసమే వచ్చినా, కవ్వం తాడు చేతిలోకి తీసుకుంటే ఆమె ముఖం మారిపోయేది. గిద్దలూరులో ముప్ఫై ఏళ్ళు ఇళ్ళకు నెయ్యి పోసిన మనిషి.

“నా నెయ్యి రుచి చూసి కొన్నోళ్ళు లేరు అమ్మాయ్. ముంత కింద పెడితే చాలు, లోపలికి తీస్కపోయేటోళ్ళు,” అనేది.

నన్ను వెక్కిరించడం ఆమెకు ఇష్టం. పాప కాస్త వెచ్చగా ఉన్నా నేను థర్మామీటరు తీసేదాన్ని. “బిడ్డ తుమ్మితే ఆస్పత్రి, దగ్గితే ఆస్పత్రి. ఆ డాక్టరుకు నువ్వే మిద్దె కట్టిచ్చేటట్టున్నావే!” అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వుతూనే ఇంకోసారి పాప నుదురు తాకి చూసేదాన్ని.

చేరిన రోజే ఆమె సార్‌కు చెప్పింది. “అయ్యా, ఎండ ఎక్కినాక వెన్న కట్టదు. నురగై పోతాది. పొద్దున ఆరింటికి చిలకనియ్యి, చూడు.”

“ఆరింటికి చూసేదానికి ఎవరొస్తారవ్వా, నేనా?” అన్నాడు సార్. “జనం వచ్చేది పదకొండింటికి. అప్పుడే చిలకాల, అప్పుడే రావాల.”

మొదటి వారమంతా అవ్వ పదకొండింటికి చిలికింది. చేతులు పడిపోయేటట్టు చిలికింది. పైన నురగ తప్ప ఏమీ తేలలేదు. చూసేవాళ్ళు కాసేపు నిలబడి, ఫోనులో ఫోటో తీసుకుని పక్కింటికి పోయేవాళ్ళు. శనివారం సార్ నా గదికి వచ్చాడు. “వెన్న రాని చల్ల ఎందుకమ్మా మనకి? ఆ ఇల్లు మూసేద్దాం, అవ్వను పంపిచ్చేద్దాం. లేదంటే నువ్వే ఏదో ఒకటి చెయ్యి. చేసేది నాకు చెప్పొద్దు.”

సోమవారం మార్కాపురంలో బస్సెక్కే ముందు పాల దుకాణంలో తెల్ల వెన్న కొన్నాను. ఫ్రిజ్‌లో పెట్టి, పదకొండు కాబోతుండగా దాన్ని సెనగ గింజలంత ముక్కలు చేసి రాగి చెంబులో చన్నీళ్ళలో వేశాను. వెనక తలుపు నుంచి వెళ్ళి, “చన్నీళ్ళు పోస్తా అవ్వా, కడుతుందేమో చూద్దాం,” అని కుండలో వంచాను. ఇంట్లో వెలుతురు తక్కువ, ఆమెకు చూపు తక్కువ. ఇంకో పది నిమిషాలు చిలికేసరికి కవ్వానికి వెన్న చుట్టుకుంది. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టారు. అవ్వ ఆ వెన్నను రెండు చేతులతో ఎత్తి, నీళ్ళలో వేసి, గుండ్రంగా తిప్పి, పిల్లల అరచేతుల్లో తలా కాస్త పెట్టింది.

మధ్యాహ్నం నా గదికి వచ్చి గడప మీద కూర్చుంది. “చూసినావా అమ్మాయ్? చన్నీళ్ళు పడాల, అంతే. నా చెయ్యి మర్చిపోలా.”

ఆమె కోసమే చేశానని అనుకున్నాను. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఒక ఇల్లు మూసేస్తే నాతో కూడా పనేముందని సార్ అనుకుంటాడేమోనన్న భయం నాకు ఉంది. ఆ రోజు మొదలు అట్లాగే సాగించాను. ఒకరోజు ఆమెకే అనుమానం వచ్చింది. “ఈ పాలకు ఇంత వెన్న ఎట్ల వస్తాంది?” అంది. “పాలు మార్చాం అవ్వా, చిక్కటివి పోస్తున్నారు,” అన్నాను. అంత తేలిగ్గా నోటికొచ్చింది ఆ మాట.

ఉగాది రోజు పాల దుకాణం మూసి ఉంది. పండగ సెలవని జనం ఎక్కువ వస్తారు. బస్టాండు దగ్గర కిరాణా కొట్టులో పసుపుపచ్చటి ప్యాకెట్ వెన్న దొరికింది, బ్రెడ్డుకు రాసుకునేది. నాలుగు నీళ్ళలో కడిగాను. రంగు చూసి ఆవు వెన్న అనుకుంటారులే అనుకున్నాను. ఉప్పు పోయిందో లేదో నోట్లో వేసుకుని చూడలేదు. సరిగ్గా అప్పుడే పాప లేచి ఏడ్చింది.

ఆ రోజు అరుగు దాకా జనం. అందులో గిద్దలూరు నుంచి వచ్చిన ఒకావిడ, భర్త, ఏడెనిమిదేళ్ళ కూతురు. ఆవిడ అవ్వను చూడగానే గుర్తుపట్టింది.

“అవ్వా, నువ్వా! మా అమ్మకు నెయ్యి పోసేదానివి గదా? నా పెళ్ళికి గూడా నీ నెయ్యే!”

అవ్వ ముఖం వెలిగిపోయింది. “మీ అమ్మ బాగుందా తల్లీ? వడియాలు పెట్టి ఇచ్చేది నాకు,” అంటూ ఆవిడ కూతురి అరచేతిలో అందరికంటే పెద్ద ముద్ద పెట్టింది.

ఆ పిల్ల నాకి, మొహం చిట్లించింది. “అమ్మా, ఉప్పగా ఉంది. మనింట్లో బ్రెడ్డుకు రాస్తామే, అది ఇది.”

ఆవిడ కూడా కొంచెం నోట్లో వేసుకుంది. తర్వాత నవ్వింది. చెడ్డగా కాదు, వేళాకోళంగానే. “ఏందవ్వా ఇది, ప్యాకెట్ వెన్న వేసి చిలుకుతున్నావా? మాకు ఇన్నేళ్ళు పోసిన నెయ్యి గూడా ఇట్లాంటిదేనా?”

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. వేలితో తీసి రుచి చూసింది. “నా చేతికి ఉప్పు యాడనుంచి వచ్చింది?” అంది, ఎవరితోనో కాదు, ఆ కుండతో అన్నట్టు. తర్వాత తల తిప్పి వెనక తలుపు వైపు చూసింది. నేను అక్కడే ఉన్నాను, ఖాళీ చెంబు చేతిలో పట్టుకుని.

అప్పుడు నేను మాట్లాడకుండా ఉండి ఉంటే కొంత నయం. మాట్లాడాను. ఇంట్లోకి రెండడుగులు వేసి, చదువుకున్నదాని గొంతుతో, “పెద్దావిడ కదండీ, కళ్ళు సరిగా కనపడవు. ఏదో కలిపేసినట్టుంది. వదిలేయండి,” అన్నాను.

వాళ్ళు వదిలేశారు. “పాపం,” అన్నారు ఎవరో. సార్ వచ్చి, “చూస్కోవద్దా అవ్వా, మన పరువు పోదా?” అని నలుగురూ వినేటట్టు అని వెళ్ళిపోయాడు. అవ్వ కవ్వం గోడకు ఆనించి లేచింది.

రేకుల గదిలో ఆమె మ్యూజియం చీర విప్పి తన చీర కట్టుకుంది. నేను పాపను ఎత్తుకుని నిలబడ్డాను. పాప ఏడవడం లేదు, నేనే ఎత్తుకున్నాను.

“ఎన్ని దినాల నుంచి?” అంది.

“రెండో వారం నుంచి అవ్వా.”

ఆమె కుచ్చిళ్ళు దోపుకోవడం ఆపింది. “మొదటి వారం రానే లేదు గదా.” కాసేపటికి మళ్ళీ, “అయితే ఒక్క దినం గూడా నాది కాదు,” అంది.

నేను ఉద్యోగం సంగతి, సార్ సంగతి చెప్పబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. “అదంతా ఎందుకులే. ఆ గిద్దలూరమ్మ ఇంకా ఎద్దులబండి కాడనే ఉంది. పోయి ఒక్క మాట చెప్పిరా. అవ్వ కలపలా, నేను కలిపినా అని. ఆ యమ్మకు చెప్తే చాలు, ఊరంతా వాళ్ళే చెప్పుకుంటారు.”

కిటికీలోంచి వాళ్ళు కనిపిస్తూనే ఉన్నారు. పిల్లను బండెక్కించి ఫోటో తీస్తున్నారు. పక్కనే సార్ నిలబడి వాళ్ళకు కాడి గురించి ఏదో వివరిస్తున్నాడు.

“సార్ ఉన్నాడవ్వా. రిజిస్టర్‌లో వాళ్ళ నంబరు ఉంటుంది. సాయంత్రం ఫోన్ చేసి చెప్తాను.”

ఆమె సంచి చంకన పెట్టుకుని గడప దగ్గర నిలబడి, వాళ్ళ కారు గేటు దాటేదాకా చూసింది. దాటాక రోడ్డు వైపు నడిచింది. ఆ ఎండలో బస్సు కోసం ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు. నేను చూడ్డానికి వెళ్ళలేదు.

తర్వాత వచ్చినామెకు మొదటి రోజే అంతా చెప్పి ఒప్పించాను. చెంబు వంచేటప్పుడు ఆమె నాకు కన్ను కొట్టేది. మామిడికాయల రోజులు అయిపోయేదాకా పాత ఊళ్ళో పదకొండు గంటలకు వెన్న వస్తూనే ఉంది.

ఆ గిద్దలూరు వాళ్ళ నంబరు మాత్రం ఉగాది సాయంత్రమే కాగితం మీద రాసుకున్నాను. ఆ రోజు చేయలేదు. మర్నాడు పాపకు జలుబు చేసింది. ఆ తర్వాత ఇన్ని రోజులకు చేస్తే ఏమనుకుంటారోనని చేయలేదు. చేసేసరికి రెండు నెలలైంది. పాపను పడుకోబెట్టి, వంటింట్లో నిలబడి చేశాను.

నేనెవరో చెప్పగానే ఆవిడ నవ్వింది. “ఉప్పు వెన్న అవ్వ! అయ్యో, గుర్తులేకపోవడమేంది! మా వీధిలో ఇప్పటికీ అదే చెప్పుకుని నవ్వుకుంటాం. మా అమ్మయితే, ముప్ఫై ఏళ్ళు ఏం తిన్నామో ఏందో అంటాది.”

అప్పుడు చెప్పాను. ఆ వెన్న నేనే కలిపానని, ఆమెకు తెలియదని, ఆమె నెయ్యిలో ఏనాడూ ఏమీ కలిసి ఉండదని. చాలాసార్లు అనుకున్న మాటలు కాబట్టి గబగబా అయిపోయాయి.

తర్వాత ఆవిడ అడిగింది. గొంతులో కోపం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

“మరి నువ్వు ఆడనే ఉన్నావు గదమ్మా. ఆ పొద్దు ఎందుకు చెప్పలా?”

“పాప లేచిందండీ, మళ్ళీ చేస్తాను,” అని పెట్టేశాను.

పాప లేవలేదు.