ఏసీ వెనక గువ్వలు

గువ్వ కూత వింటే నాకు మా ఊరు కడప గుర్తుకు రాదు. ఇక్కడ గల్ఫ్‌లో, ఈ సీబ్ ఊళ్లో నేను వంట చేసిన ఇల్లు, ఆ పెరట్లో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చున్న పెద్దమ్మ గుర్తుకొస్తారు. ఇప్పుడు పనికి పోవడం మానేసి ఈ ఊళ్లోనే కూతురి దగ్గర ఉంటున్నాను. అక్షరాలు కూడా ఈమధ్యే, మనవరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను. రాయడం కన్నా పెళ్లికి వండటం సులువు. అయినా ఇది రాయాలనిపించింది.

పెద్దమ్మ అంటే మా సార్ వాళ్లమ్మ. పుట్టిందీ పెరిగిందీ దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లో. ఎప్పుడో తాతల కాలంలో చెరకు తోటల పనికి పోయి అక్కడే ఉండిపోయిన తెలుగువాళ్లు. సార్ హైదరాబాద్ అమ్మాయిని చేసుకున్నాడు గనక ఆయనకు తెలుగు బాగానే వచ్చు. పెద్దమ్మకు మాత్రం వాళ్ల అవ్వ దగ్గర విన్నంతే. అందులో సగం తిట్లు, సగం కూరల పేర్లు, పిట్టల పేర్లు. భర్త పోయాక కొన్నాళ్లు తన దగ్గర ఉండమని కొడుకు పిలిపించుకున్నాడు. వచ్చిన కొత్తలో ఆమె ఏ వంటనూ బాగుందనలేదు, బాగాలేదనలేదు. పొద్దున్నే తలుపు తీసి పెరట్లోకి చూసేది. ఏముంది చూడ్డానికి? గచ్చు, ఒక వేపచెట్టు, బట్టల తీగ, ఏసీ డబ్బాలు.

ఆమె చేసిన మొదటి పని, నేను ఊరినుంచి తెచ్చుకున్న మట్టి మూకుడు తీసుకుపోయి చెట్టు కింద నీళ్లు పెట్టడం. రోజూ తోమి కొత్త నీళ్లు పోయాలంది. మనుషుల గిన్నెలు తోమలేక చస్తుంటే పిట్టల గిన్నె కూడానా అని మొహం మీదే అన్నాను. తనే తోముకుంది. కొన్నాళ్లకు పిగిలిపిట్టలు వచ్చాయి, తర్వాత గోరువంకలు, ఆ తర్వాత గువ్వలు. గువ్వను చూడగానే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఇది మా యార్డ్‌లో ఉండేదే, పిల్లా. ఈ ఊళ్లో నాకు తెలిసిన మొహం ఇదొక్కటే" అంది.

ఆ గువ్వల జంట ఆమె గది ఏసీ బయటి డబ్బాకూ గోడకూ మధ్య సందులో గూడు పెట్టింది. గూడంటే గూడు కాదు, నాలుగు పుల్లలు విసిరేసినట్టు ఉంటుంది. చలికాలం ఏసీతో పని లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఎండలు ముదిరాక ఏసీ వేస్తే వేడిగాలి కొట్టింది. మెకానిక్ వచ్చాడు, కరీంనగర్ మనిషి. డబ్బా కిందికి దింపాలన్నాడు. సందులో చూస్తే రెండు గుడ్లు. పెద్దమ్మ వచ్చి నిచ్చెన పట్టుకుని నిలబడింది, అతన్ని ఎక్కనివ్వలేదు.

"గీ పిట్టల కోసం గింత ఎండల ఏసీ లేకుంట ఎట్లుంటవమ్మా?" అన్నాడతను. ఆమెకు సగమే అర్థమై ఉంటుంది. తల మాత్రం అడ్డంగా ఊపింది.

సాయంత్రం సార్ వచ్చి తల్లితో ఇంగ్లిష్‌లో చాలాసేపు మాట్లాడాడు. వేడికి ఆమె బీపీ పడిపోతుందని డాక్టర్ చెప్పి ఉన్నాడు. ఆయన భయం ఆయనది. మేడ మీద గది ఇస్తామంటే మెట్లు ఎక్కలేనంది. హాల్లో పడుకోమంటే వచ్చేపోయేవాళ్ల ముందు పడుకోనంది. అయితే శుక్రవారం డబ్బా దింపించేస్తానని సార్ ఖచ్చితంగా చెప్పాడు. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. పిల్లలు ఎగిరేదాకా ఆగితే ఆమె ఎండకు పడిపోయేలా ఉంది. గూడు తీసేస్తే ఇక తినేలా లేదు.

గేటు పక్కన నా రూమ్ ఉంది. దాని కిటికీలో పాత ఏసీ, మోత లారీ మోతే గానీ చల్లదనానికి లోటు లేదు. పెద్దమ్మ నా రూమ్‌లో పడుకుంటుందన్నాను. సార్ ఒప్పుకోలేదు. పనిమనిషి రూమ్‌లో అమ్మను పెడితే తెలిసినవాళ్లు ఏమనుకుంటారన్నాడు.

"మీ యమ్మ సల్లగా ఉండాల్నా, మీకు మర్యాదగా ఉండాల్నా? ఏదో ఒకటి చెప్పండి సార్" అన్నాను.

ఆయన లోపలికి వెళ్లిపోయాడు. నేను ఆమె దిండు, దుప్పటి మోసుకుపోయాను.

మధ్యాహ్నాలు పనులయ్యాక ఆమె నా మంచం మీద, నేను కింద చాప మీద. ఆమె దగ్గర ఒక పిట్టల పుస్తకం ఉండేది. నేను బొమ్మలు చూసేదాన్ని, ఆమె వచ్చిన తెలుగుకు చేతి సైగలు కలిపి చెప్పేది. అలా డర్బన్ పెరడు పెరడంతా నా రూమ్‌లోకి వచ్చింది. పొద్దున్నే ఇంటి కప్పు మీద దిగి, ఎవరో పీక పిసికినట్టు అరిచి వీధినంతా లేపే వంకర ముక్కు హడీడా పిట్టలు. కొమ్మకు గుత్తులుగా వేలాడుతూ బొప్పాయిలు మనుషులకు దక్కనివ్వని ఎలుక రంగు పిట్టలు. వంటింట్లోకి దర్జాగా నడిచొచ్చి మెతుకులు ఏరుకునే తోకూపుడు పిట్ట. అన్నిటికన్నా ఎక్కువగా పసుప్పచ్చ గిజిగాళ్లు. మగది గూడు అల్లితే ఆడది వచ్చి చూసి వంకలు పెడుతుందట. నచ్చకపోతే మగది అంత గూడూ తనే పీకి మళ్లీ మొదలుపెడుతుందట. వాళ్లాయన టీ కప్పు పట్టుకుని చెట్టు కింద నిలబడి మగపిట్ట తరఫున మాట్లాడేవాడట. ఈమె ఆడపిట్ట తరఫు. కాపురం చేసినన్నాళ్లూ ఆ తగువు తెగలేదు.

"ఇప్పుడు ఎవరితో పోట్లాడాలి, పిల్లా?" అంది.

"నాతో పోట్లాడు పెద్దమ్మా. నేనూ ఆ మగోని పక్కే. పాపం, ఎన్నిసార్లని కడతాడు?"

ఆమె నవ్వగా చూడటం నాకదే మొదలు. ఆ రోజు అన్నం అడిగి పెట్టించుకుంది.

గుడ్లు పిల్లలయ్యాయి. ఒక మధ్యాహ్నం నేను వంటింట్లోంచి వచ్చేసరికి మంచం ఖాళీ. ఆమె మండే ఎండలో గొడుగేసుకుని ఏసీ డబ్బా కింద కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా గోడ మీద కాకి. ఆమె మొహం ఎర్రబడిపోయింది, అయినా కదలదు. తిట్టి లోపలికి లాక్కొచ్చి మజ్జిగ తాగించాను. నేనున్నా కదా, నువ్వు పడుకో అన్నాను. అప్పటినుంచి ఆ కుర్చీ నాది. కూరగాయలు అక్కడే తరిగాను, బియ్యం అక్కడే ఏరాను. కాకి వస్తే చీపురు విసిరాను. ఈ ఇంట్లో పనికి చేరకముందు నన్ను ఎవరైనా అడిగితే, పిట్టలకు కాపలా కాస్తానని చెప్పేదాన్నా?

అవి ఎగరడం మేమిద్దరం చూడనేలేదు. ఒక పొద్దున సందు ఖాళీగా ఉంది. పెద్దమ్మ పిల్లలు పడ్డాయేమోనని గచ్చంతా వెతికింది. నేను చెట్టు కింద చూపించాను. మూకుడు అంచు మీద తల్లి గువ్వ, పక్కన పొట్టి తోకలతో రెండు పిల్లలు. అంత ఆరాటపడ్డ మనిషి లోపలికి పోయి, ఇన్నాళ్లకు తలకు నూనె రాసుకుంది.

మెకానిక్ వచ్చి డబ్బా బాగు చేశాడు. మళ్లీ గూడు పెట్టకుండా సందుకు జాలీ కొట్టేస్తానన్నాడు, సార్ చెప్పాడట. పెద్దమ్మ మళ్లీ నిచ్చెన పట్టుకుంది. ఈసారి సార్ బయటికి వచ్చి, వద్దులే, వదిలేయ్ అన్నాడు.

అక్కడ వర్షాలు పడే వేళకు తన పెరట్లో ఉండాలని ఆమె డర్బన్ వెళ్లిపోయింది. తర్వాత ఫోన్ చేస్తే కొడుకు సంగతి కన్నా ముందు సందు సంగతి అడిగేది. ఒకసారి గిజిగాళ్ల గోల వినమని తన ఫోన్ పెరట్లోకి పట్టింది. గిజిగాళ్లు పలకలేదు గానీ గువ్వ పలికింది. నేను నా ఫోన్ ఏసీ డబ్బా వైపు పట్టాను. ఇక్కడా గువ్వ కూస్తోంది. ఇద్దరం వింటూ ఉండిపోయాం. కాసేపటికి ఏ కూత ఇక్కడిదో, ఏది అక్కడిదో నాకు తెలియకుండా పోయింది.