కామాటిపురా గచ్చి మీద బట్టమేక ఈక

మా చాల్‌లో అంటే వరసగా ఒంటిగది ఇళ్లున్న పాత మేడలో, రెండో అంతస్తు మెట్ల మలుపు దగ్గర ఎవరో ఆడమనిషి ఏడుస్తుందని చిన్నప్పుడు పిల్లలంతా అక్కడికి రాగానే పరుగే పరుగు. నేను మాత్రం సరిగ్గా ఆ మెట్ల మీదే కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని. అక్కడ బల్బు వెలిగేది మరి! ఏ ఆడమనిషీ వచ్చి నన్ను పలకరించలేదు. దయ్యాలంటే నాకు అప్పుడూ నవ్వే, ఇప్పుడూ నవ్వే. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే కింద రాసింది చదివి నాకు పిచ్చి పట్టిందనుకునేవాళ్లు ఉంటారు.

మాది ముంబైలో కామాటిపురా. తాతల కాలంలో పాలమూరు నుంచి కట్టుబడి పనులకు వచ్చి ఇక్కడే ఉండిపోయిన ఇళ్లలో మాదొకటి. నాయిన రంగుల మేస్త్రీ. నేను చదువుకుని ఒక ల్యాబులో చేరాను. అంతరించిపోతున్న పక్షుల డీఎన్ఏ చూడటం మా పని. పక్షిని పట్టుకోం, ముట్టుకోం, సూది గుచ్చం. అది రాల్చిన ఈక, వేసిన రెట్ట, వదిలేసిన గుడ్డు పెంకు చాలు. ఈక కాడలో చిన్న రక్తపు చుక్క ఎండిపోయి ఉంటుంది. దాన్నిబట్టి అది ఏ జాతి, ఆడదా మగదా, ఇంకోచోట దొరికిన ఈక కూడా ఆ పిట్టదేనా అన్నది చెప్పొచ్చు. మనం వచ్చి వెళ్లినట్టు పక్షికి తెలియనే తెలియదు. ఈ పనిలో నాకు నచ్చింది అదే.

నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి బట్టమేక ఈకలు. బట్టమేక అంటే బీడు భూముల్లో తిరిగే పెద్ద పిట్ట. నిలబడితే మనిషి నడుము దాకా వస్తుంది. దేశంలో చాలా కొద్దిగా మిగిలాయి. మాకు వచ్చే ఈకలన్నీ రాజస్థాన్ ఎడారి వైపువి. పాలమూరు వైపు ఇప్పుడు లేనే లేవు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ సంగతి చెబితే మా అవ్వ, అంటే నాయిన వాళ్ల అమ్మ, ఎగిరి గంతేసినంత పని చేసింది. చిన్నప్పుడు గొర్లు కాస్తూ బట్టమేకను చూసిందట. "మనిషి లెక్క నడిషింది బిడ్డా! నన్ను జూసి ఉర్కలే. తల వంచి మల్ల పల్లీలు ఏరుకున్నది" అని ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేది. అది రాల్చిన ఈక ఒకటి పెళ్లై బొంబాయి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకుంది. మా ఎల్లమ్మ పటం వెనక అది ఎప్పుడూ ఉండేది. దీపం సెగ తగిలి కొస కాస్త కాలింది.

"ఒక్కపారి ఆ బీడు సూపియ్యిరా" అని నాయినను అడుగుతూనే ఉండేది. "ఈ సైట్ అయిపోనీ అమ్మా" అని నాయిన అంటూనే ఉండేవాడు. ఒక సైట్ అయితే ఇంకో సైట్. నిరుడు చలికాలంలో అవ్వ నిద్రలోనే పోయింది. నాయిన ఏడవలేదు. "తీస్కపోకపోతి" అని ఒక్క మాటే గోడకు చెబుతున్నట్టు అంటూ కూర్చున్నాడు.

మావాళ్లలో మూడోరోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయినట్టు. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు. గచ్చి మీద, అంటే చాల్ పైకప్పు మీద, ఆకు వేశాం. అన్నం, కోడికూర, జొన్నరొట్టె, ఈ ఊళ్లో కల్లు ఎక్కడ తెస్తాం కాబట్టి చిన్న గ్లాసులో బీరు, అవ్వకు ప్రాణమైన పల్లీలు.

ముంబై కాకుల సంగతి చెప్పాలా? గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట వడాపావ్ పట్టుకుని నిలబడితే చేతిలోంచి లాక్కుపోతాయి. ఆ రోజు మాత్రం నీళ్ల ట్యాంకు మీద బారుగా కూర్చుని ఆకు వైపు చూశాయే తప్ప ఒక్కటీ దిగలేదు. అరుపు కూడా లేదు. "రా అమ్మా, రా" అని నాయిన చేతులు జోడించి పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకున్నాడు. ఆయనకు షుగర్. ఎండ నడినెత్తికి వచ్చినా మంచినీళ్లు కూడా ముట్టలేదు. చివరికి కళ్లు తిరిగి కూలబడ్డాడు. అందరం పట్టుకుని మెట్ల నీడలోకి తెచ్చి బలవంతంగా నీళ్లు తాగించాం. గచ్చికి ఉన్నది ఆ ఒక్క తలుపే. మేం కూర్చున్నది ఆ తలుపుకు అడ్డంగానే.

అప్పుడు కాకులన్నీ ఒక్కసారిగా లేచిపోయిన చప్పుడైంది. వెళ్లి చూశాను. కోడికూర పెట్టింది పెట్టినట్టే ఉంది. అన్నం, రొట్టె, బీరు కూడా అంతే. పల్లీలు మాత్రం ఒక్కటి లేదు. ఆకు పక్కన జానెడు పైన పొడుగున్న ఈక పడి ఉంది. మట్టిరంగు మీద సన్నటి నల్ల గీతలు. అలాంటి ఈకలు నాకు రోజూ అలవాటే. కానీ ఇక్కడా! గద్దది అయ్యుంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పక్కింటి బాలమణి అత్త ఆకు చూసి పెదవి విరిచింది. "పందికొక్కు తినిపోయింటది అన్నా. ఖాలీపీలీ, ఉత్తగనే ఎందుకు ఆలోచన, జల్దీ ఇంత తిను" అంది. నాయిన నాలుగు ముద్దలు తిని లేచాడు. నేను ఈకను కాగితం కవర్లో పెడుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. "పిట్టల సంగతి నీకెర్క గద బిడ్డా. మా అమ్మ తిన్నదా, పందికొక్కు తిన్నదా, నాకు తేల్చి చెప్పు" అన్నాడు. సరేనని తలూపాను.

మర్నాడు ల్యాబులో ఆ ఈక కాడ కోశాను. లోపలి రక్తం ఎండలేదు. ఎర్రగా, తడిగా ఉంది. గద్ద అని వస్తే ఇంటికెళ్లి నాయిన ముఖం ఎలా చూడాలా అన్నదే నా భయం.

బట్టమేక అని వచ్చింది. ఆడది.

మొదట నన్ను నేనే అనుమానించాను. రోజూ వాటి మధ్యే ఉంటాను కదా, నా చేతుల నుంచే అంటుకుని ఉంటుందనుకున్నాను. బల్ల కడిగి, రసాయనాలన్నీ కొత్తవి తీసి మళ్లీ చేశాను. ఈక ముక్క వేయని ఖాళీ గొట్టం ఒకటి పక్కన పెడతాం. కల్తీ ఉంటే దాంట్లోనే బయటపడుతుంది. అందులో ఏమీ లేదు. పైగా మా దగ్గరున్న ఏ బట్టమేక ఈకతోనూ ఇది కలవలేదు. వేరే ఊళ్లో పనిచేసే నా స్నేహితురాలికి ఏమీ చెప్పకుండా ఓ ముక్క పంపాను. ఆమెకూ అదే వచ్చింది. "ఏ బీడు భూముల్లో దొరికిందే ఇది?" అని సంబరంగా ఫోన్ చేసింది. తర్వాత చెబుతానని పెట్టేశాను. ఇప్పటికీ చెప్పలేదు.

నాయినకు చెప్పాను. అవ్వ పోయాక ఆయన మొదటిసారి ఏడ్చింది అప్పుడే. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "నేను తీస్కపోకున్నా తనే పోయి చూసొచ్చింది" అన్నాడు. తర్వాత ముఖం కడుక్కుని, ఎల్లమ్మ పటం వెనక నుంచి అవ్వ ఈక తీసి నా చేతికిచ్చాడు. "దీన్ని గూడ సూడు" అన్నాడు.

అంత పాత ఈకలో మిగిలేది తక్కువ. చాలా పరీక్షలు పనిచేయలేదు. పనిచేసిన ప్రతి చోటా రెండు ఈకలూ అచ్చం ఒకటే. రెండు వేర్వేరు పిట్టలవైతే ఎక్కడో ఒకచోట తేడా కనబడాలి. కనబడలేదు. కొద్ది పిట్టలే మిగిలిన జాతిలో రక్త సంబంధం వల్ల పోలికలు ఎక్కువ ఉంటాయని అనొచ్చు. ఆ మాట మొదట అనుకున్నది నేనే. అయినా అవ్వ పావడా కట్టిన వయసులో ఏరుకున్న ఈక అది. ఏ బట్టమేకా అంతకాలం బతకదు. బతికినా కామాటిపురాకు దారి ఎవరు చెప్పారు? నిజం చెప్పొద్దూ, ఆ రోజు నా బల్ల ముందు కూర్చుని రెండు చేతులూ జోడించాను. ఎవరికో నాకే తెలియదు.

ఆ రెండు ఈకలూ ఫ్రీజర్లో పక్కపక్కన ఉన్నాయి. ఏ పరిశోధన పేపర్లోనూ రాయలేదు. ఏమని రాయను? ఇది ఎలా జరిగిందో నాకు నిజంగా తెలియదు.

వచ్చే వారం నాయిన, నేను పాలమూరు వెళ్తున్నాం. అవ్వ గొర్లు కాసిన బీడు చూడాలంటాడు. నిన్న ఆయన సంచి సర్దుతూ చూస్తే బట్టల కింద పల్లీల పొట్లం ఉంది. అక్కడ ఇప్పుడు బట్టమేకలు లేవు నాయినా, అవి అటు కనబడక చాలా ఏళ్లయింది అన్నాను.

ఆయన పొట్లం మళ్లీ సంచిలో పెట్టి, "నీకేమెర్క బిడ్డా" అన్నాడు.

మామూలుగా అయితే గంటసేపు వాదించేదాన్ని. ఈసారి సంచి జిప్ వేశాను.