మైకులో చెప్పిన గుట్టు

దేవుడే ఒక అమ్మాయి మనసు మార్చి ఆమె కాపురం నిలబెట్టాడని ఉదయగిరిలో మా చర్చి సంఘం వాళ్లంతా సాక్ష్యం చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం.

ఆత్మకూరులో సంఘస్థులకు కౌన్సెలింగ్ శిక్షణ ఇచ్చినప్పుడు, విన్న మాట బయటికి పోకూడదని మొదటి పాఠంలోనే చెప్పారు. నా పక్కన కూర్చున్న సంఘపెద్ద భార్య అందరికంటే గట్టిగా తల ఊపింది. ఊరికి వచ్చాక, మొగుడి దెబ్బలు తట్టుకోలేక ఆ అమ్మాయి ఆవిడ దగ్గరే ఏడ్చింది. బిడ్డను తీసుకుని కొండాపురంలో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోతానని చెప్పుకుంది.

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆవిడ మైకు అందుకుని కళ్లు మూసుకుంది.

"ప్రభువా, మొగుడిని ఇడిసిపెట్టి బిడ్డతో కొండాపురం పోవాలనుకుంటా ఉండే నీ కుమార్తె మనసు మార్చు తండ్రీ."

పేరొక్కటే చెప్పలేదు. ఆ అమ్మాయి పక్కనే చాప మీద కూర్చున్న ఆమె అత్త అందరితోపాటు "ఆమెన్" అని, కళ్లు తెరిచి కోడలి వైపు చూసింది. సాయంత్రానికల్లా మొగుడు బిడ్డను సీతారామపురంలో తన బంధువుల ఇంటికి చేర్చాడు. బిడ్డ లేకుండా ఆమె ఎక్కడికి కదులుతుంది?

నేను సంఘపెద్ద భార్యను నిలదీశాను.

"నేనేమన్నా మనుషులకి చెప్పినానా ఏంది? దేవుడికి చెప్పినాను."

"దేవుడికి చెవుడా అక్కా, మైకులో చెప్పినావు?"

"కాలేజీ చదువుతో నీకు నోరు లేసింది గానీ, ప్రార్థన చేసేది రాలేదమ్మే."

ఇప్పుడు కొత్తవాళ్లకు ఆవిడే శిక్షణ ఇస్తోంది. కాపురం నిలిచిందని సాక్ష్యం చెప్పేవాళ్లలో ఎవరు సీతారామపురం వెళ్లి, ఆ బిడ్డను తెచ్చి తల్లి ఒడిలో పెడతారు?