పట్టపగలు లైటు వేసుకున్న పందెగాడు

ఆ ఎండాకాలం నల్లగొండ, పాలమూరు రెండు జిల్లాల్లోనూ నన్ను మించిన సైకిల్ పందెగాడు లేడు. ఆరు పందేలు తొక్కాను, ఆరూ గెలిచాను. సరే, ఆరు కాదు, మూడు. గెలిచింది ఒకటే, అదీ ముందున్నవాడికి పంచరైనందుకు.

ఇప్పటివాళ్లు పందెగాడంటే వీరుడనుకుంటారు. మేమేం వీరులం? కిరాయి సైకిళ్ల దుకాణాల జీతగాళ్లం. దుకాణం పేరు వీపున కట్టుకుని ఎద్దుల్లా ఉరికేవాళ్లం. ఎద్దులే నయం, కొడితే గాని ఉరకవు. మాకు చప్పట్లు చాలు.

ఆఖరి పందెం కట్టంగూర్ నుంచి కేతేపల్లి దాకా. గెలిచినవాడికి కొత్త సైకిల్. నేను తొక్కేది మా దుకాణం సేటుది; పందెం కాగానే దుకాణంలో పెట్టి ఇంటికి నడిచిపోయేవాణ్ణి. సొంత సైకిల్ వస్తే ఈ కొలువు విడిచి, ఊరూరా తిరిగి బట్టలమ్ముకోవాలని నా ఆశ.

పందెం సైకిల్‌ను సేటు పెండ్లికొడుకులా ముస్తాబు చేసేవాడు. మడ్గార్డులు, క్యారియర్, గంట, కుచ్చులు, పైగా డైనమో. టైరుకు ఒరుసుకుంటూ తిరిగి లైటు వెలిగించే ఆ డబ్బా చక్రాన్ని ఎంత పట్టి లాగుతుందో తొక్కినవాడికే తెలుసు. మిగతా దుకాణాలవాళ్లదీ అదే సోకు. పాలమూరు నుంచి వచ్చినవాడొక్కడే అన్నీ విప్పేసి, ఉత్త చక్రాలూ సీటూ మిగిల్చుకున్నాడు. అందరం నవ్వాం.

"ఏం తమ్మీ, తోవల దొంగలు దోచుకున్నరా?" అన్నాను.

"కేతేపల్లిల చెప్త అన్నా," అన్నాడు.

నకిరేకల్ దాకా నేనే ముందు, ఒక మైలు దూరం. కాదు, రెండు బండ్ల పొడవు. ఆ తర్వాతి ఎత్తులో పాలమూరువాడు నన్ను దాటిపోయాడు. నేను కేతేపల్లి చేరేసరికి వాడు కొత్త సైకిల్ మీద చేయి వేసి నీళ్లు తాగుతున్నాడు.

ఈ ఓటమిని ఏండ్ల తరబడి సేటు నెత్తిన రుద్దాను. దారి పొడుగునా లైటు వెలగాల్సిందేనని పట్టుబట్టాడని అందరికీ చెప్పాను. నిజానికి బయల్దేరేముందు ఆయన నాతో అన్నది వేరు.

"జనం ఉన్నకాడనే లైటు వెయ్ బేటా. ఊరు దాటంగనే తీసెయ్. చేన్ల మేకలకు లైటెందుకు?"

కాలితో ఒక్క తట్టు తడితే చాలు, డైనమో టైరును వదిలేది. తట్టలేదు. ముందు ఏ చెట్టు కింద ఎవడున్నాడో, చూస్తాడో ఏమో అనుకుంటూ మిట్టమధ్యాహ్నం లైటు వెలిగించుకునే పోయాను.

మర్నాడు మళ్లీ దుకాణం ముందే నిలబడ్డాను. సేటు తిట్టలేదు, సైకిళ్లు తుడిచే గుడ్డ చేతికిచ్చాడు. ఇంకో ఏడేండ్లు అక్కడే తుడిచాను.