డిక్షనరీలో దొరకని ఓవర్

డొంకరాయి డ్యాం కడుతున్న రోజుల్లో నేను అక్కడ స్టోర్సులో పనిచేసేవాణ్ణి. భారీ వానకు ఘాట్ రోడ్డు మూసుకుపోయిన మధ్యాహ్నం నా భార్య పార్వతికి నొప్పులొచ్చాయి. క్యాంపు డిస్పెన్సరీలో కొత్తగా చేరిన నర్సు ఒక్కతే ఉంది. దూరాన పెద్దాసుపత్రిలో ఉన్న హెడ్ సిస్టర్ వైర్‌లెస్‌లో ధైర్యం చెబుతూ ఆమె చేత పురుడు పోయిస్తున్నారని తెలిసి పరుగెత్తాను.

వరండా ఎక్కేసరికి బిడ్డ ఏడుపు వినిపించింది. వెంటనే వైర్‌లెస్ గరగరల్లోంచి, "తల్లి... ఓవర్" అన్న మాట. లైబ్రరీలో డిక్షనరీ ముందేసుకుని ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. ఓవర్ అంటే అయిపోయిందని నాకు తెలుసు. అక్కడే కూలబడి గొల్లుమన్నాను.

నర్సు తలుపు తీసింది. "ఏటి బాబూ, ఆడగుంట పుట్టిందని ఏడుత్తన్నారా?"

"తల్లి ఓవరంట కదమ్మా!"

"అయ్యో! తల్లి ఎలాగుందని సిస్టరమ్మ అడిగేరు. ఆవిడ మాటయిపోతే ఓవరంటారు, ఇంక మనం మాటాడాలని. రండి, మీరే సెప్పండి."

ఆమె చూపిన మీట నొక్కి, "ఇద్దరూ బాగున్నారు సిస్టరమ్మా" అన్నాను. మీట మాత్రం వదల్లేదు.

మంచం మీంచి పార్వతి నీరసంగా నవ్వింది. "ఓవర్ అనండి."

ఇప్పటికీ ఆ మాట ఎక్కడ విన్నా, ఎవరో మన జవాబు కోసం ఎదురుచూస్తున్నారనే అనిపిస్తుంది.