గెడ మీద మూడో గాటు

పోయిన సోమవారం పొద్దున్నే మా బాబాయి పోయారు. ఆ వార్త నాకు ముందుగా చెప్పింది, ఎన్నికల్లో ఆయన్ని ఓడించిన మా సర్పంచి గారు. "అమ్మాయ్, మీ బాబాయి గారు ఇక లేరమ్మా," అంటూ ఫోన్లోనే ఏడ్చేశారు.

భీమవరం దగ్గర మా ఊళ్లో బాబాయి ఒక పార్టీకి పెద్ద. ఆ పార్టీ సోషల్ మీడియా పేజీ నడిపేది నేను. ఎదుటివాళ్లని ఎంత ఘాటుగా తిడితే అన్ని లైకులు, నాకదో మత్తు. ఆయన ధ్యాసంతా ఊరి మురుగుకాలువ మీదే. అది పూడిందంటే వానకి చేలు మునుగుతాయి. వారానికోసారి వెదురుగెడ దింపి చూసేవారు. గెడకి కింద నుంచి మూడు గాట్లు. బురద మూడో గాటుకి అంటిందంటే ఆ ఏడు వరి మీద ఆశ వదులుకోవడమే.

ఎన్నికల సభకి నేనొక ప్రసంగం రాసిచ్చాను. కళ్లజోడు సవరించుకుని చదివారు.

"తిట్లు బాగానే కుదిరాయే అమ్మాయ్. గెలిస్తే ఏం చేస్తామో ఎక్కడ రాశావ్?"

చివర్లో ఒక్క వాక్యం ఉంటే చూపించాను. అదొక్కటీ ఉంచి మిగతాదంతా కొట్టేశారు. సభకి గెడతోనే వచ్చి, కాలువ ఎప్పుడు తవ్వాలో, తీసిన మట్టి ఎక్కడ పోయాలో అరగంట చెప్పారు. సగం జనం లేచిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఎదుటివాళ్లు 'గెడ తాత' అని వీడియో పెట్టి నవ్వారు. నేను జవాబు తయారుచేస్తే పెట్టనివ్వలేదు.

"నవ్వుకోనీవే. గెడ మీద బురద కనబడుతోందిగా, చాలు. మనం తిరిగి తిడితే కాలువలో గుర్రపుడెక్క ఒక్క మొక్కైనా కదులుద్దా?"

ఓడిపోయారు. మూడోరోజున కాలువ కొలతల కాగితం పట్టుకుని సర్పంచి గారింటికి వెళ్లారు. "గెలిచారు, సంతోషమండి. వానలు రాకముందే మొదలెట్టండి," అన్నారట. ఒళ్లు మండి వారం రోజులు బాబాయితో మాట్లాడలేదు నేను. వేసవిలో సర్పంచి గారు కాలువ తవ్వించారు. ఆ ఏడు తుఫాను నీళ్లు రెండ్రోజుల్లో దిగిపోయాయి. మా చేలూ నిలిచాయి, వాళ్ల చేలూ నిలిచాయి. బాబాయి ముందు నేనెంత చిన్నదాన్నో అప్పుడు తెలిసింది. ఆ మాట ఆయనతో అననే లేదు.

నిన్న మా పార్టీవాళ్లు మెసేజ్ పెట్టారు, సర్పంచి మీద ఘాటైన వీడియో ఒకటి కావాలని. ఫోన్ అరుగు మీద పెట్టేసి, మూలనున్న గెడ తీసుకుని కాలువకి వెళ్లాను. బాబాయి నిలబడే చోటే నిలబడి దింపాను. ఇంకో బెత్తెడుంటే మూడో గాటు.

గెడ కడగకుండానే సర్పంచి గారింటికి నడిచాను. అరుగు మీద పేపరు చదువుకుంటున్న ఆయన గెడని చూసి లేచి నిలబడ్డారు. దాని కొసనుంచి బురదనీళ్లు ఆయన గుమ్మంలో ఇంకా కారుతూనే ఉన్నాయి.